కొప్రా కొట్టంలో బంగారి

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మలేసియాలోని ఇపోలో ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఎవరైనా "అక్కడేదో కనిపించింది టీచర్" అంటే, ఎంత దూరంలో, వెలుతురెంత, అన్నం తిన్నావా లేదా అని అడిగే రకం. అందుకే మా ఇంట్లో పిల్లలు నా ముందు దెయ్యం కబుర్లు చెప్పడం ఎప్పుడో మానేశారు. నేను కూడా ఈ సంగతి డెబ్భై దాటేదాకా ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారన్న భయం కొంత. మిగతాదంతా సిగ్గు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది మావయ్య, అమ్మ తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. హుటాన్ మెలింటాంగ్ దగ్గర ఒక కొబ్బరి తోటలో కొప్రా కొట్టానికి మేస్త్రి. కొబ్బరి ఎండబెట్టి బస్తాలకెత్తే చోట ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు కదా. పిల్లులతో లాభం లేకపోయేసరికి మావయ్య కాలవ గట్టున దొరికిన కొండచిలువ పిల్లను తెచ్చి కొట్టంలోనే పెంచాడు. దానికి బంగారి అని పేరు పెట్టాడు. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి అది పన్నెండడుగులైంది. సాయంత్రం తలుపులు మూశాక కొట్టమంతా దానిదే. పగలు మాత్రం పెద్ద చెక్కపెట్టెలో ఉండేది.

దాని ఆలనాపాలనా నాది. పాము పగ అంటారు గానీ కొండచిలువకు అవేమీ ఉండవు. దానికి తెలిసినవి ఆకలి, భయం, అంతే. చేతికి కోడి వాసన ఉంటే ఆ చెయ్యి కూడా దానికి కోడే. తిన్నాక వారం రోజులు ఎత్తకూడదు, ఎత్తితే కక్కేస్తుంది. ఎత్తినప్పుడు బరువంతా రెండు చేతుల మీదా ఆనాలి, లేకపోతే పడిపోతానని బెదిరి బిగించేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మూత తీసే ముందు వేళ్ళ కణుపులతో రెండుసార్లు తట్టాలి. తిండి పెట్టే రోజు తట్టకూడదు. తడితే "ఇది చెయ్యి, తిండి కాదు, భయపడకు" అని అర్థం. ఉపాయం మావయ్యది, రోజూ తట్టి దానికి నేర్పింది నేను. తట్టాక మూత తీస్తే చుట్ట విప్పుకుని మెల్లగా నా మోచేతి మీదికి వచ్చేది. దవడ కింద ఎప్పుడో ఎలుక కొరికిన మచ్చ, కొక్కెంలా వంకరగా ఉండేది. అక్కడ నిమిరితే కదలకుండా ఉండేది. నాకు అదంటే ఎంతో ఇష్టం. ఇంత చేశాక ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు?

ఎమర్జెన్సీ వచ్చింది, కమ్యూనిస్టు గెరిల్లాల మీద తెల్లదొరల సర్కారు పెట్టినది. అడవిలో దాక్కున్నవాళ్ళకు తిండి అందకూడదని, చెదురుగా ఉన్న తోటకూలీల లైను ఇళ్ళన్నీ ఖాళీ చేయించి, అందరినీ ముళ్ళకంచె లోపలి కొత్త ఇళ్ళలోకి మార్చారు. మళ్ళీ పాత చోట్లకు వెళితే కాల్చేస్తామన్నారు. సరిగ్గా ఆ వారమే మావయ్య మలేరియాతో టౌను ఆసుపత్రిలో ఉన్నాడు. చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకుని చెప్పాడు.

"దాన్ని కంచె లోపల ఉండనివ్వరే బుల్లీ. సిపాయోళ్ళు సూస్తే కాల్సేస్తారు. కొట్టం ఎనక తలుపు తీసీ. పెట్టె రెండుమాట్లు తట్టి, మూత తీసి, నువ్వు పక్కకి జరిగిపో. కాలవలోకి అదే ఎల్లిపోద్ది లాహ్."

"సరే మావా" అన్నాను. చెయ్యాల్సింది అంతే, ఒక మూత తీయడం.

కానీ అప్పటికే బంగారి కళ్ళకు పాలు కమ్మాయి. కుబుసం విడిచే ముందు కొండచిలువ కళ్ళ మీద నీలంగా పాలపొర వస్తుంది. చూపు ఆనదు. ఆ రోజుల్లో ఎంత సాధువైనా చిరాకుగా ఉంటుంది. ముందురోజు నేను మూత తీస్తే బుసకొట్టి మణికట్టు మీదికి విసురుగా వచ్చింది. తగల్లేదు గానీ నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూత పడేసి, గొళ్ళెం పెట్టి, తాళం వేసేశాను.

ఇళ్ళు మారే రోజు పొద్దున్న పెట్టె ముందు నిలబడ్డాను. తాళంచెవి చేతిలోనే ఉంది. బయట నుంచి పక్కింటి అప్పలమ్మత్త కేకలు. "ఏటే, ఇంకా ఏటి సేస్తన్నావు? లారీ ఎల్లిపోతంది!" నేను మూత తియ్యలేదు. కనీసం తట్టలేదు. నేను వచ్చినట్టు దానికి తెలియకూడదని మునివేళ్ళ మీద నడిచి బయటపడ్డాను. తాళంచెవి కాలవలో పారేశాను. రేపో మాపో వచ్చి వదిలేద్దామనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. రావాలనుకునే మనిషి తాళంచెవి పారేస్తుందా?

మావయ్య ఆసుపత్రి నుంచి వస్తూనే అడిగాడు. "వదిలినావా?"

"వదిలినాను మావా."

"ఎనక్కి తిరిగి సూసిందా?"

జ్వరంతో పీక్కుపోయిన ముఖం, అందులో ఆ ఆశ. "సూసింది" అన్నాను.

ఆ మాట కంచె లోపలున్న ఇంటింటికీ చెప్పుకున్నాడు. "మా బంగారి ఎల్తా ఎల్తా ఎనక్కి సూసిందట!" విన్నప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు. ఏమీ తినకపోయినా కొండచిలువ నెలల తరబడి బతుకుతుందని నాకు చెప్పింది మావయ్యే. కంచె వైపు చూస్తూ వేళ్ళ మీద ఆ నెలలు లెక్కపెట్టేదాన్ని. ఎన్నోసార్లు నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మెర్దేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన కొన్నాళ్ళకు, అటు వెళ్ళడానికి ఇక అడ్డు లేదన్నాక, పాత కొట్టం చూసొద్దామన్నాడు మావయ్య. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. తలనొప్పి అన్నాను. "మెర్దేకా వచ్చినాక కూడా బయమేటే నీకు?" అని నవ్వాడు.

పొద్దున్న పది గంటలప్పుడు వెళ్ళాం. మంచి ఎండ. కొట్టం కప్పు సగం కూలింది. పెట్టె ఉన్నచోటే ఉంది. గొళ్ళేనికి తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది.

"తాళమేటే?" అన్నాడు మావయ్య. లోపల ఎముకలు ఉంటాయి, ఆయన చూస్తాడు, అదొక్కటే నా బుర్రలో.

పాత అలవాటు కొద్దీ ఆయన మూత మీద రెండుసార్లు తట్టాడు.

లోపలి నుంచి రెండుసార్లు చప్పుడైంది. టక్, టక్. నేను తట్టేటప్పుడు ఎంత ఎడం ఇచ్చేదాన్నో అంతే ఎడం. నేను విన్నాను, మావయ్య కూడా విన్నాడు. నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

పారాంగ్ కత్తితో తాళం పగలగొట్టాడు. లోపల ఎముకలు లేవు. పాము లేదు. ముక్కు దగ్గర నుంచి తోక దాకా చిరగని కుబుసం ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది. ముట్టుకుంటే చేతికి తడి అంటింది. ఇప్పుడే విడిచిన కుబుసానికే అంత తడి ఉంటుంది. పెట్టె తిరగేసి చూశాను, పలకలన్నీ గట్టిగానే ఉన్నాయి. గాలి కోసం పెట్టిన కన్నాల్లో రెండు వేళ్ళు పట్టవు. కుబుసం సాగుతుంది కాబట్టి అది బంగారిదేననడానికి పొడుగును నేను సాక్ష్యంగా చెప్పను. కానీ దవడ కింద కొక్కెంలాంటి మచ్చ ఉంది.

మావయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. కళ్ళు కమ్మడం, మీదికి రావడం, నా భయం, కాలవలో తాళంచెవి, అన్నీ.

"ఆ రోజు దాని కళ్ళు కమ్మేసున్నాయా?" అని అడిగాడు.

"కమ్మేసున్నాయి మావా."

"మరి ఎనక్కెలా సూసిందే బుల్లీ?"

కోపంగా అడగలేదు. నాలుగు తన్నినా బాగుండేది. కుబుసాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి బయల్దేరాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు, నా చేతి అన్నమే తిన్నాడు, నా పిల్లల్ని ఎత్తుకుని ఆడించాడు. బంగారి పేరు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

తడి వానది కావచ్చు. చప్పుడు ఎండకు పలకలు విచ్చుకున్నది కావచ్చు. ఎవరో పాము చర్మం కోసం తెరిచి మళ్ళీ తాళం వేసి ఉండవచ్చు. ఇవన్నీ నాకు నేనే చెప్పుకుని చూశాను, ఏ లెక్కా పూర్తిగా కుదరలేదు. ఆ రెండు తట్లకు అర్థం మాత్రం నాకు బాగా తెలుసు. దానికి నేర్పింది నేనే. భయపడకు అని.

ఇప్పటికీ బియ్యం డబ్బా అయినా సరే రెండుసార్లు తట్టిగానీ మూత తీయను. "లోపలెవరున్నారమ్మా?" అని మా అమ్మాయి నవ్వుతుంది. అలవాటులే అంటాను. తట్టాక కాసేపు ఆగి వింటానని మాత్రం దానికి చెప్పలేదు.