రెల్లు పీకిన పడవ

జహైష్ అంటే ఆ చిత్తడినేలల జనం భాషలో గాడిదపిల్ల. ఆ పేరు పెట్టినందుకు అతని తల్లిని తప్పుపట్టడానికి లేదు. అతనికి ముందు పుట్టిన మగపిల్లలు పొత్తిళ్ళలోనే పోయారు. చక్కటి పేర్లు పెట్టడం వల్లే కన్ను తగిలిందని ఆవిడ నిశ్చయించుకుని, ఈసారి ఏ దిష్టీ ఆశపడని పేరు వెతికింది. ఉపాయం పారింది. పిల్లవాడు బతికాడు. కానీ ఆ పేరుతో పిలిచినప్పుడల్లా వాడికి వచ్చిన కోపం ఎటూ పోయే దారిలేక లోపలే పేరుకుంటూ వచ్చి, వాడు తాతయ్యే నాటికి కహ్లా నది పొడుగునా ప్రసిద్ధికెక్కింది.

జహైష్ కోపంలో పక్షపాతం లేదు. ఎగువన ఆనకట్టలు కట్టి నీళ్ళు పట్టుకున్నవాళ్ళ మీద కోపం. గాలి మీద కోపం. చలికాలం మొదలై ఇన్నాళ్ళయినా ఇంకా రాని బాతుల మీద కోపం. అన్నిటికన్నా పాత కోపం, ఒకప్పుడు ఆ చిత్తడినేలలన్నీ ఎండగట్టినవాళ్ళ మీద. ఆ ఏళ్ళన్నీ అతను పట్నం అవతల ఇటుక బట్టీలో మట్టి తొక్కాడు. చుట్టూ ఒక్క నీటిపిట్ట లేని చోట, తుపాకీని గోనెగుడ్డలో చుట్టి నెత్తికింద పెట్టుకుని పడుకున్నాడు. మళ్ళీ నీళ్ళు వచ్చాయని విన్న పూట కూలి కూడా అడక్కుండా నడిచి వచ్చేశాడు. అడిగితే తిట్టాల్సి వస్తుందనీ, తిట్టడం మొదలుపెడితే ఆలస్యమవుతుందనీ.

వచ్చి చేసిన మొదటి పని పడవ కట్టుకోవడం. కొన ముక్కు పైకి లేచిన చిన్న పడవ, నీరు ఊరకుండా అడుగున పూసిన నల్లటి కీలు. ఇంతవరకు అందరికీ ఉన్నదే. దాని అంచు పొడుగునా జహైష్ రెల్లు గుచ్చాడు, మధ్యలో జమ్ము కలిపాడు. చలి ముదిరి నదిలో రెల్లు పసుపు తిరిగితే పడవలోదీ మార్చేవాడు. గాలికి ఒడ్డున రెల్లు ఎటు వాలితే తనదీ అటే కట్టేవాడు. పని ముగిశాక నది మీద ఉండేది పడవ కాదు, ఒక రెల్లుదిబ్బ. ఇది నేను పొగడ్తకు చెప్పడం లేదు. పొరుగింటి గేదె ఈదుకుంటూ వచ్చి ఆ దిబ్బను సగం మేసి వెళ్ళిన సంగతి ఊరంతటికీ తెలుసు. గేదె చేసిన ఈ మెప్పును జహైష్ ఒక్కడే అర్థం చేసుకోలేదు. ఒడ్డుదాకా తరుముకుంటూ పోయి తిట్టాడు.

ఆ దిబ్బలో కూర్చుని తెల్లవారుజామున బాతుల్ని కొట్టేవాడు. ఎండెక్కాక అదే పడవలోంచి అయిదు ముళ్ళ ఈటెతో చేపల్ని పొడిచేవాడు. వలతో పట్టేవాళ్ళను అతను మనుషుల కిందే లెక్కవేసేవాడు కాదు. ఇక నీళ్ళలోకి కరెంటు వదిలి చేపల్ని తేల్చేవాళ్ళను ఎందులో లెక్కవేయాలో అతనికి తోచలేదు.

అతనికి ప్రపంచంలో కోపం రాని ప్రాణి ఒక్కటే ఉండేది. అది దీమం బాతు. పేరు ఖాతూన్, అంటే దొరసాని. గుడ్డులోంచి బయటపడ్డ రోజునుంచీ సాకాడు. కాలికి తాడు కట్టి పడవ పక్కన నీళ్ళలో వదిలితే, పైన పోయే అడవి బాతుల్ని అది పిలిచేది. ఆ పిలుపు విని దిగకుండా పోయిన మగబాతు లేదు. "నాతో ఏనాడైనా ఇలా మెత్తగా మాట్లాడావా?" అని పెళ్ళాం నోఫా అడిగేది. "నువ్వు ఏనాడైనా పిలిస్తే బాతులు దిగాయా?" అనేవాడు జహైష్. వాళ్ళ కాపురంలో ఇది సరసం కింద చెల్లుబాటయ్యేది.

ఆ రోజు మంచు ఇంకా విడలేదు. ఖాతూన్ పిలుస్తోంది. పైన రెక్కల చప్పుడు ఒకసారి చుట్టు తిరిగింది. తాడు చిక్కుపడితే సరిచేద్దామని జహైష్ మోచేతిదాకా చెయ్యి నీళ్ళలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక పడవ చప్పుడు లేకుండా మంచులోంచి వచ్చింది. అందులో ఊరి పెద్ద షేక్ గారి మేనల్లుడు సక్బాన్. పడవ మధ్యలో బ్యాటరీ, చేతిలో కర్ర, కర్ర చివర తీగచుట్ట. చలికి చేపలు రెల్లు కింద దాక్కుంటాయని సక్బాన్‌కీ తెలుసు. నది మధ్య ఇంత ఒత్తయిన దిబ్బ కనబడేసరికి, దేవుడిచ్చాడనుకుని కర్ర దాని కిందికి దూర్చాడు.

జహైష్ చెయ్యి భుజందాకా కొయ్యబారింది. పళ్ళు వాటంతటవే కరుచుకున్నాయి. ఖాతూన్ ఒక్కసారి రెక్కలు విప్పి, మెడ నీళ్ళలో వాల్చేసింది. చుట్టూ చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి.

అప్పుడు రెల్లుదిబ్బ లేచి నిలబడి బొబ్బ పెట్టింది.

సక్బాన్ చూసింది ఇంతే: నది లేచింది, నెత్తిమీద జమ్ము ఉంది, నోరు ఉంది. కర్ర ఒకవైపు, తను ఒకవైపు పడ్డాడు. మెడలోతు నీళ్ళలో పిశాచాల్ని వెళ్ళగొట్టే మాటలన్నీ కలిపి చదువుతుంటే, పిశాచం వాణ్ణి పేరుపెట్టి పిలిచింది.

"సక్బానూ! నీ చేతులు విరగ! నా బాతును చంపావురా!"

"జహైష్ బాబాయ్? నువ్వా? అయ్య బాబోయ్, ప్రాణం పోయిందనుకున్నాను!"

"పోలేదు. పోవాల్సింది పోలేదు, ఉండాల్సింది పోయింది!"

పంచాయితీ షేక్ ముతషర్ గారి అతిథిశాలలో జరిగింది. నిలువెత్తు రెల్లు కమానులు, మధ్యలో పొయ్యి, పొయ్యి మీద కాఫీ కూజాలు. కాఫీ పోసే అబూద్ అలవాటు ప్రకారం జహైష్ చేతికి చిన్న గిన్నె అందించాడు. జహైష్ దాన్ని తాగకుండా చాప మీద పెట్టాడు. అందరూ ఆ గిన్నెకేసి చూశారు. అడగడానికి వచ్చినవాడు కాఫీ కింద పెట్టాడంటే, అడిగింది ఇస్తే గాని ముట్టుకోడు. అడిగింది ఇచ్చేదాకా ఆ గిన్నెను ఇంకొకరు తీయకూడదు. అది అక్కడున్నంతసేపూ ఆ ఇంటికి మచ్చ.

"తాగవయ్యా జహైష్, చల్లారిపోతుంది. బాతుకు బదులు బాతు ఇప్పిస్తాను," అన్నారు షేక్ గారు.

"బాతు వద్దు షేక్ గారూ. ఆ బ్యాటరీ నదిలోంచి లేవాలి. ఒకసారి మనకు నీళ్ళు లేకుండా చేశారు. ఇప్పుడు నీళ్ళు ఇచ్చారు, అందులో ఏమీ మిగలకుండా మనవాడే చేస్తున్నాడు. పిల్లచేప, గుడ్డుచేప అని లేదు, అంతా తేలిపోతోంది."

షేక్ గారు మేనల్లుడి వైపు తిరిగారు. "నువ్వేమంటావు?"

సక్బాన్ గొంతు సవరించుకున్నాడు. "నా-నా-నాకు మాట రావడం లేదు మామా. ఆ రోజు జ-జ-జడుసుకున్నప్పటి నుంచీ ఇంతే."

"వాకిట్లో నన్ను తిట్టినప్పుడు గడగడా వచ్చిందిగా!" అన్నాడు జహైష్.

"ఉండవయ్యా, చెప్పనీ," అన్నారు షేక్ గారు.

"బాబాయ్ నాకు క-కనబడలేదు. కనబడకూడదనే కదా రెల్లు కట్టుకున్నాడు! కనబడకుండా కూర్చుని, న-నన్ను చూడలేదేమని అడిగితే ఎలా? పైగా మీదికి లేచి భయపెట్టాడు. భయపడ్డందుకు పరిహారం నాకే రావాలి."

సభ ఆలోచనలో పడింది. ఇంత మంది పెద్దలు ఇంత గంభీరంగా ఇంత తెలివితక్కువ మాటను తూకం వేయడం తరచుగా చూడలేం. ఎవరి గడ్డం వారు నిమురుకున్నారు. చివరికి షేక్ గారు తీర్పు చెప్పారు. మనిషి కళ్ళకు కనబడుతుండగా వాడి ఈక కదిలినా నేరం కదిలించినవాడిదే, పరిహారం వాడి తెగ మొత్తం కట్టాలి. దాక్కున్నవాడి నష్టం దాక్కున్నవాడిదే. కాబట్టి బాతు నష్టం జహైష్‌ది. కుర్రవాణ్ణి జడిపించినందుకు ఒక గొర్రె ఇచ్చుకోవాలి.

జహైష్ ఏదో అనబోయేలోగా భోజనం వచ్చింది. పళ్ళెం నిండా అన్నం, మీద నిప్పుల పక్కన కాల్చిన పెద్ద బున్నీ చేప. ఊళ్ళో ఇంత పెద్ద బున్నీ కనబడి చాలా కాలమైంది. జహైష్ దాన్ని ఒక వైపు చూశాడు. వేళ్ళతో లేపి రెండో వైపు తిప్పాడు. ఈటె గాయం లేదు. వల ఒరుపు లేదు. వెన్నుముల్లు పొడుగునా గడ్డకట్టిన నల్లటి నెత్తురు, కరెంటు తగిలిన గుర్తు. ఇందులో అతను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. పళ్ళెం చుట్టూ ఉన్న ప్రతివాడూ పుట్టినప్పటినుంచీ చేపలు తిన్నవాడే, ప్రతివాడికీ కనబడింది. నీళ్ళలోనే చచ్చిన చేప తినడం మతం ఒప్పదని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు.

"ఇది నీళ్ళలోనే చచ్చింది," అన్నాడు జహైష్.

"లేదు లేదు," అన్నాడు సక్బాన్, నత్తి పూర్తిగా మరిచిపోయి. "పడవలో వేసినప్పుడు తోక ఆడించింది."

"ఆడించే ఉంటుంది," అన్నాడు ఒక పెద్దమనిషి, పొట్ట దగ్గరి ముక్క విరుచుకుంటూ.

"తోక ఆడించిందంటే బతికున్నట్టే," అన్నాడు ఇంకొకాయన.

తినడం సాగింది. జహైష్ ఒక్కొక్కరి మొహమూ చూశాడు. ఒక్కరైనా తలెత్తుతారేమోనని చూశాడు. వీళ్ళలో సగం మంది అతనితో పాటు ఇటుక బట్టీలో మట్టి తొక్కినవాళ్ళే. ఎండిన నేలకేసి చూస్తూ చేప మాట తలుచుకుని ఏడ్చినవాళ్ళు.

"మెక్కండి," అన్నాడు లేచి నిలబడి. "రేపు దీని పిల్లల్ని మెక్కండి. ఎల్లుండి ఒకరినొకరు మెక్కండి. తోక ఆడిందో లేదో చూసుకుని మరీ!"

గిన్నె చాప మీదే ఉండిపోయింది.

ఇంటికి వచ్చేసరికి నోఫా రొట్టెలు కాలుస్తోంది. "బ్యాటరీ పోయిందా?"

"గొర్రె పోయింది."

"మనకెక్కడిదయ్యా గొర్రె?"

"అదొక్కటే ఈ తీర్పులో బాగున్న ముక్క."

జరిగిందంతా చెప్పాడు. నోఫా రొట్టె తిరగేసి, "కనబడితే నేరం వాడిదన్నారా? అందరి ఎదుటా అన్నారా?" అని అడిగింది. జహైష్ అన్నారన్నాడు. తరవాత చాలాసేపు పడవకేసి చూస్తూ కూర్చున్నాడు. అతను అంతసేపు తిట్టకుండా ఉండడం ఆవిడ పెళ్ళయిన కొత్తలో కూడా చూడలేదు.

మర్నాడు జహైష్ పడవ దగ్గర కూర్చుని రెల్లు పీకడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా గుచ్చినది, కట్టినది, గాలికి తగ్గట్టు వాల్చినది, పిడికిళ్ళకొద్దీ పీకి ఒడ్డున పారేశాడు. పొరుగింటి గేదె వచ్చి తినడం మొదలుపెట్టింది. ఈసారి దాన్నేమీ అనలేదు. నోఫా పెళ్ళినాటి ఎర్రదుప్పటి ఒకటి గెడకు కట్టి పడవలో నిలబెట్టాడు. చలికాలపు చేపలు చేరే పాయ ఒక్కటే, దానికి ఊరి వైపునుంచి దారీ ఒక్కటే. ఆ మొగలో పడవ అడ్డంగా కట్టి, చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు.

సక్బాన్ వచ్చాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"కనబడుతున్నానా?"

"కనబడుతున్నావు గానీ..."

"బాగా చూడు. ఎర్రది దుప్పటి, దాని కిందిది నేను. వదులు నీ కరెంటు. నా ఈక కదిలితే మీ తెగంతా కట్టాలి. మీ మామ మాట."

"చలికి చస్తావు బాబాయ్!"

"చస్తే ఇంకా మంచిది. అప్పుడెంత కడతారో మీ మామను అడిగి రా."

చీకటి పడ్డాక నోఫా లాంతరుతో వచ్చి కూర్చునేది. చెయ్యి నీళ్ళలో పెట్టేది కాదు, కాళ్ళే పెట్టేది. ఆడమనిషికి హాని జరిగితే పరిహారం ఇంకా బరువు. ఈ సంగతి ఆవిడ పాయలో పోయే ప్రతి పడవకూ గొంతెత్తి గుర్తుచేసేది. సక్బాన్ రాత్రిళ్ళు రావడం మానేశాడు.

బాతులు మాత్రం వచ్చాయి. ఆ ఏడు ఎన్నడూ లేనన్ని వచ్చాయి. ఎర్రదుప్పటిని చూసి ఎత్తున చుట్టు తిరిగి, తుపాకీకి అందకుండా వెళ్ళిపోయేవి. జహైష్ తలెత్తి వాటినీ తిట్టేవాడు. ఇంట్లో ఖర్జూరం, రొట్టె, గేదె పెరుగు తప్ప ఏమీ లేదు. అతని వేళ్ళు నీళ్ళకు నాని పగిలాయి.

అవతల అతిథిశాలలో గిన్నె అలాగే ఉంది. అబూద్ దాన్ని దాటుకుంటూ కాఫీ పోయలేక అవస్థపడుతున్నాడు. పై తెగలవాళ్ళు వచ్చినప్పుడల్లా, "ఎవరిదిది?" అని అడుగుతారు. ఒక బాతు కథ చెప్పాలి, చేప కథ చెప్పాలి, చెప్పినకొద్దీ అది షేక్ గారి కథ అయిపోతుంది. ఒక పెళ్ళి మాటలకు వచ్చిన పెద్దలు గిన్నెను చూసి, విషయం విని, వడ్డించిన చేపను మర్యాదగా రెండో వైపు తిప్పి చూశారు. అన్నం మాత్రమే తిన్నారు.

ఆ మరుసటి ఉదయం షేక్ ముతషర్ గారి పడవ పాయ మొగలోకి వచ్చింది. ముందు అబూద్, గిన్నెను రెండు చేతులతో, ఒలకకుండా పట్టుకుని. వెనక సక్బాన్, ఒళ్ళో బ్యాటరీ.

"జహైష్, లే. చెయ్యి తీయి," అన్నారు షేక్ గారు. "గొర్రె సంగతి మరిచిపో. బ్యాటరీ ఇదుగో. నీ ఇష్టం, నీళ్ళలో పారేయి."

"పారేయడానికి ఇదేమైనా పెంటకుప్పా?" జహైష్ గొంతు చలికి వణికింది, కోపం వణకలేదు. "ఆ విషం కూడా నదే తాగాలా? తీసుకెళ్ళి నా గిన్నె ఉన్నచోట పెట్టుకోండి. వచ్చినవాళ్ళు ఎవరిదని అడుగుతారు, చెప్పుకోండి."

షేక్ గారు తల ఊపారు. ఆ బ్యాటరీ ఇప్పటికీ అతిథిశాలలోనే ఉంది. అతిథుల ఫోన్లకు చార్జింగ్ ఇస్తుంది.

జహైష్ నీళ్ళలోంచి చెయ్యి తీశాడు. వేళ్ళు ముడుచుకోలేదు, అబూద్ గిన్నెను నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది. దుమ్ము తేలుతున్న ఆ చల్లటి చేదును జహైష్ చివరి చుక్కదాకా తాగాడు. పైన బాతుల బారు ఒకటి దక్షిణానికి పోతోంది. పిలవడానికి ఖాతూన్ లేదు, దాక్కోవడానికి రెల్లు లేదు.

"ఇది కాఫీనా?" అన్నాడు మూతి తుడుచుకుని. "మీ ఇంట్లో కాఫీ కాయడం ఎవడికీ చేతకాదు."