అటాంపొక కన్నేసిన గైల్

వా అనే పట్టణంలో మా ఆసుపత్రిలో మంచాలు తోసే అటాంపొక నోటికి తాళం లేదు. ఇరవై ఏళ్లుగా నర్సుగా ఉన్న నన్ను ఇప్పటికీ "ఏమే, కుక్కతల తినేదానా" అనే పలకరిస్తుంది. నేను దగాబా, ఆమె ఫ్రాఫ్రా. మా ఆచారం ప్రకారం ఈ రెండు జాతులవాళ్లం ఒకరినొకరం ఎంత తిట్టుకున్నా కోపం తెచ్చుకోకూడదు. చావింట్లో అయితే మరీ అన్యాయం. అవతలి జాతివాళ్లొచ్చి పోయినవాడిలా నటిస్తారు, చేతికందింది ఎత్తుకుపోతారు. ఏడ్చేవాళ్లు కూడా నవ్వి ఊరుకోవాలి.

ఏటా దుమ్ముగాలి రోజుల్లో సముద్రాలు దాటి గుండె డాక్టర్లు వస్తారు. జీతం పుచ్చుకోరు. రెండు వారాలు ఒళ్లు దాచుకోకుండా పనిచేసి వెళ్లిపోతారు. ఆ రెండు వారాలూ అటాంపొక కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతుంది.

పోయినేడు మా దగాబావాడే, బయోర్, రోగిగా వచ్చాడు. చెక్కపలకల కింద సొరబుర్రలు కట్టిన గైల్ వాయించడంలో ఆయనది పెద్ద పేరు. చావైనా పండగైనా అది మోగాల్సిందే. గుండె మరీ నెమ్మదించి, వాయిస్తూ వాయిస్తూ రెండుసార్లు సొమ్మసిల్లాడు. గుండెను సరిగ్గా కొట్టించే చిన్న పెట్టె ఛాతీలో అమర్చకపోతే వచ్చే వానలు చూడడని, ఆ వచ్చిన డాక్టర్లలో ఒకామె, ఇంగ్రిడ్, తేల్చి చెప్పింది. వాళ్లు వెళ్లేది మర్నాడే. ఈయన మాత్రం చెప్పులేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

"యాభై ఏళ్లు నా తాళానికి ఊళ్లు ఆడాయమ్మా. ఇప్పుడు పెట్టె తాళానికి నేనాడాలా? ఇంటికి పోతా."

బతిమాలాను, భయపెట్టాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

అంతలో అటాంపొక వచ్చి పక్క మంచమెక్కింది. కాళ్లు బార్లా చాపి, నాలుక బయటపెట్టి పడుకుంది.

"బయోర్ పోయాడర్రోయ్! గైల్ నాదే! ఏ దగాబా అడ్డొస్తాడో రండి!"

ఇంగ్రిడ్ పరుగెత్తుకొచ్చింది. "రోగి ముందు ఇవేం పనులు? ఆమెను బయటికి పంపండి!"

"ఆగండి డాక్టరుగారూ, ఇదీ వైద్యమే" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అటాంపొక రెండు చెంచాలు తీసి మంచం కమ్మీ మీద టకటకా బాదడం మొదలెట్టింది. బయోర్ చెవులు మూసుకున్నాడు.

"ఆపవే గాడిదా! ఆ చేతులతోనా నా గైల్ ముట్టుకునేది?"

"నువ్వు చచ్చాక నన్ను ఆపేదెవడ్రా?"

ఆయన చెవుల మీంచి చేతులు తీశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "దీనికి మాత్రం దక్కనివ్వనమ్మా. ఆ పెట్టేదో పెట్టమను."

అటాంపొకే వంగి ఆయన చెప్పులు విప్పింది. దారి పొడుగునా తిడుతూనే మంచం తోసుకెళ్లింది. ఆపరేషన్ గది తలుపు పడ్డాక నేలమీద కూలబడి భోరుమంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"మా తమ్ముడూ ఇలాగే చెప్పులేసుకుని ఇంటికెళ్లిపోయాడే. ఆ ఏడే పోయాడు. సొంత తమ్ముడు కదా, వాడితో ఈ ఆట ఆడటానికి లేకపోయె."

మర్నాడు బయోర్ దిండుకానుకుని గంజి తాగుతున్నాడు. అటాంపొకను చూడగానే గిన్నె పక్కన పెట్టాడు.

"పెట్టె పదేళ్లు పనిచేస్తుందట. తర్వాత మార్చాలట. అప్పటికి నువ్వుంటావటే, ముసలీ?"

"ఉంటానురా. మళ్లీ నీ పక్క మంచమెక్కి చావొద్దూ?"