నేనూ మా తోడికోడలూ ఊరు మారిన సంగతి

నిన్న పొద్దున పాలప్యాకెట్ కోసం కిందికి దిగితే, మొదటి అంతస్తులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మెట్ల దగ్గర ఆపింది. భార్యాభర్తలిద్దరివీ ఇంట్లో కూర్చుని చేసుకునే కంప్యూటర్ ఉద్యోగాలు. హైదరాబాదులో అద్దె ఇల్లు ఖాళీ చేసి, భీమిలి దారిలో ఉన్న ఈ చిన్న అపార్టుమెంటుకు వచ్చి ఇంకా నెల కూడా కాలేదు. సామాన్ల అట్టపెట్టెలు సగం విప్పకుండా వరండాలోనే ఉన్నాయి. "ఆంటీ, మీరు కూడా హైదరాబాదా, ఇక్కడా అని చాలా ఆలోచించి వచ్చారటగా? ఎలా తేల్చుకున్నారండీ?" అని అడిగింది. రాత్రంతా మొగుడితో అదే వాదన పెట్టుకున్నట్టు ముఖం ఉబ్బి ఉంది. ఏం చెప్పాలో తోచక, "ఇక్కడ గాలి బాగుంటుందమ్మా" అనేసి పైకి వచ్చేశాను. గాలి బాగుండటం నిజమే. కానీ మేం గాలి చూసి తేల్చుకోలేదు. అసలు తేల్చింది నేను కాదు.

మేం అంటే నేనూ మా తోడికోడలూ. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. ఆవిడను అక్కయ్యా అంటాను. ఏలూరులో మాకొక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. దాని వెనకే ఇల్లు. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్ళందరికీ ఐసు మా దగ్గరినుంచే వెళ్ళేది. ముప్పై ఏళ్ళపాటు నేనూ అక్కయ్యా ఒకే వంటింట్లో మసిలాం. ఆవిడ కామవరపుకోట దగ్గర మెట్ట ఊళ్ళో పుట్టిన మనిషి. నీళ్ళంటే బావిలో ఉండాలి, లేకపోతే బిందెలో ఉండాలి అనుకునే రకం. పెళ్ళయిన కొత్తలో బావగారు సరదాగా కొల్లేరు చూపించడానికి పడవెక్కిస్తే కళ్ళు మూసుకుని కూర్చుందట. "ఏం చూశావు?" అని అత్తగారు అడిగితే "చీకటి చూశానండీ" అందట. నేను డెల్టా పిల్లను, చేపల పులుసు మీద పెరిగినదాన్ని. ఆవిడ పులుసులో బెల్లం వేస్తుంది, నేను వెయ్యను. ఈ ఒక్క విషయం మీద మేం ఆడిన మాటలన్నీ పోగేస్తే ఒక కాపురానికి సరిపడా అవుతాయి. బయటి వాళ్ళు మాకు పడదనుకునేవారు. పడదనే నేనూ అనుకునేదాన్ని.

ఒక మంచు కాలపు ఉదయం మా వారూ, బావగారూ ఒకే కారులో చెరువులో చేపల పట్టుబడి చూడటానికి బయల్దేరారు. కొల్లేటి గట్టు దారిలో ఆగిపోయి ఉన్న లారీ మంచులో కనపడలేదు. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. ఆ కబురు తెచ్చిన మనిషి వాకిట్లో నిలబడి చెబుతుంటే నేను పెనం ముందు ఉన్నాను. అట్టు తిరగేశాను, తీశాను, పెనం దించాను, స్టవ్ ఆపాను, చేతులు కడుక్కున్నాను. అప్పుడు వాకిట్లోకి వెళ్ళాను. ఆ తరువాత చాలాకాలం నా బతుకంతా అలాగే నడిచింది. ఒక పని తరువాత ఒక పని. ఏడుపు రాలేదు. వచ్చిన ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చి, నేను ఏడవకపోవడం చూసి కొంచెం జంకి, అక్కయ్య దగ్గరకు వెళ్ళేవాళ్ళు. ఆవిడ అందరికీ సరిపడా ఏడ్చింది. ఏడ్చి, లేచి, వచ్చినవాళ్ళకు కాఫీలు అందాయో లేదో కనుక్కుంది. నాకు ఆకలి తెలిసేది కాదు, ఉప్పు తెలిసేది కాదు. కంచంలో పెడితే తినేదాన్ని, పెట్టకపోతే ఊరుకునేదాన్ని.

ఫ్యాక్టరీ నడపడానికి మాకెవరూ లేరు. అక్కయ్యకు ఒక్కతే కూతురు, పెళ్ళయి హైదరాబాదులో ఉంది. నాకు పిల్లలు లేరు. తాడేపల్లిగూడెం నుంచి ఒక మిల్లుగలాయన వచ్చి, ఇంటితో సహా కొనుక్కున్నాడు. మర్యాదస్తుడే. "వేసవి దాకా ఉండండమ్మా, తొందరేం లేదు" అన్నాడు. మిషన్లు ఆపేసిన రోజున మొదటిసారి ఆ ఇంట్లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో విన్నాను. కంప్రెసర్ హోరు పగలూ రాత్రీ మా గోడకవతలే ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ చప్పుడుకు నిద్రపట్టక అల్లాడేవారు. మాకు మాత్రం అది ఉన్నట్టే తెలిసేది కాదు. అది ఆగాక నాకు నిద్ర పూర్తిగా పోయింది. అది ఆగినందువల్లే పోయిందని అప్పుడు తట్టలేదు. మనుషులు పోయిన ఇల్లు కదా, అందువల్లే అనుకున్నాను.

ఇక ఎక్కడుండాలి అన్న ప్రశ్న వచ్చింది. ఏలూరులో ఉండలేమని ఇద్దరికీ తెలుసు. కూరగాయలకు వెళితే అమ్మేవాళ్ళు జాలిపడి గుప్పెడు ఎక్కువ వేసేవారు. ఆ జాలి మోయడం కష్టం. మా వారి మేనత్త మాత్రం, "ఎక్కడికీ వద్దర్రా, గూడెం వచ్చి ఉండండి, ఉల్లిపాయలు చవగ్గా దొరుకుతాయి" అంది. ఎంత విచారంలో ఉన్నా ఆ మాటకు అక్కయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కయ్య కూతురు, "అమ్మా, పిన్నీ, ఇద్దరూ హైదరాబాదు వచ్చేయండి, మా పక్క వీధిలోనే ఫ్లాట్లున్నాయి" అంది. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసే మా తమ్ముడు, "అక్కా, సిటీలో మీరు నలిగిపోతారు. భీమిలి వైపు ప్రశాంతంగా ఉంటుంది, ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు. నన్నెవరు అడిగినా "అక్కయ్య ఇష్టం" అనేదాన్ని. మంచితనం వల్ల కాదు. నాకు నిజంగానే ఏ ఇష్టమూ లేదు.

మొదట హైదరాబాదు వెళ్ళాం. అమ్మాయి సెలవు పెట్టి మరీ తిప్పింది. ఎత్తయిన భవనాలు, గేటు దగ్గర సెల్యూట్లు, లిఫ్టులో అద్దాలు. బ్రోకరు కుర్రాడు ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. "ఇక్కడ స్విమ్మింగ్ పూల్ కూడా ఉందమ్మా" అంటే అక్కయ్య, "మేం ఈత నేర్చుకునే వయసులో లేం నాయనా, మంచినీళ్ళు ఏ వేళకొస్తాయో అది చెప్పు" అంది. పైకి అలా అన్నా, ఆవిడకు ఆ చోటు నచ్చింది. కిందే కూరగాయల బండ్లు, గుళ్ళో మైకు, పక్క వీధిలో కూతురు. మనవడు ఆవిడ కొంగు పట్టుకుని గదులన్నీ తిప్పి, "ఇది నీ రూమ్ అమ్మమ్మా" అని చూపించాడు. వాడి చెయ్యి పట్టుకున్నప్పుడు ఆవిడ ముఖం చాలా రోజుల తరువాత మునుపటిలా కనిపించింది. నేను ఒక్కో గదిలో నిలబడి, రంగు వాసన పీల్చి, "బాగుంది" అన్నాను. అన్ని గదుల్లోనూ అదే మాట అన్నాను. స్నానాల గదిలో కూడా అన్నానట, అమ్మాయి తరువాత నవ్వుతూ చెప్పింది. అక్కడున్న వారం రోజులూ నాకు నిద్ర పట్టలేదు. తిరుగు రైల్లో అక్కయ్య, "మరి హైదరాబాదే ఖాయం చేద్దామా?" అంది. "చేద్దామండి" అన్నాను. తమ్ముడి మాట తీసేసినట్టు ఉండకూడదని మాత్రమే ఆ తరువాత భీమిలి వైపు బయల్దేరాం.

తమ్ముడు చూపించిన ఇల్లు ఇదే. రెండో అంతస్తు, మూడు గదులు. వెనక జీడిమామిడి తోట, దాని అవతల సరుగుడు చెట్లు, వాటి సందుల్లోంచి సముద్రం. అక్కయ్య గుమ్మంలోనే తప్పులు వెతకడం మొదలుపెట్టింది. కిటికీ ఊచలకు తుప్పు. తలుపు ఉబ్బి సరిగా పడదు. ఆస్పత్రికి వెళ్ళాలంటే బస్సెక్కాలి. "ఇక్కడ ఉప్మా రవ్వ కూడా చెమ్మగిల్లి ముద్దయిపోతుంది" అంది. సముద్రం వైపు మాత్రం చూడలేదు. నీళ్ళ పక్క దారిలో భర్తను పోగొట్టుకున్న మనిషిని నీళ్ళ ఎదుట నిలబెట్టాం కదా అని మా తమ్ముడు నొచ్చుకుని, భోజనం తెస్తానని కిందికి వెళ్ళాడు. నేను కాళ్ళు లాగుతున్నాయని ఆ ఖాళీ గదిలో, కిటికీ కింద నేల మీద కూర్చున్నాను. గోడకు తల ఆన్చాను. బయట ఎక్కడో, ఎక్కువా తక్కువా కాకుండా, ఆగకుండా ఒక హోరు. కళ్ళు మూతలు పడ్డాయి. ఉప్పుగాలి కొడుతోందని అక్కయ్య కిటికీ రెక్క లాగబోయింది. గచ్చు మీద ఆవిడ అడుగుల చప్పుడు, రెక్క కిర్రుమనడం వినిపించాయి. "మూయకండి" అన్నాను.

లేచేసరికి ఎండ వాలిపోయింది. నా తల కింద నా చేతిసంచీ ఉంది. అక్కయ్య ఎదురు గోడకు ఆనుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. తమ్ముడు తెచ్చిన భోజనం పొట్లాలు విప్పకుండా అలాగే ఉన్నాయి. "ఇల్లు ఖాయం చేసుకోమని మీ తమ్ముడితో చెప్పేశాను" అంది.

"హైదరాబాదు అనుకున్నాం కదండీ?"

"అనుకున్నాం."

"మరి?"

"అడిగావుగా."

"నేనేం అడిగాను?"

"కిటికీ మూయొద్దని. వాళ్ళు పోయాక నువ్వు నోరు తెరిచి నాకిది కావాలి అన్నది అదొక్కటే."

పొట్లం విప్పి తిన్నాను. ఆ హోరు మా కంప్రెసర్ హోరులాగే ఉందన్న సంగతి ఆ ముద్ద నోట్లో ఉండగానే తోచింది. ఆవిడకు అంతకుముందే తెలిసిపోయిందో ఏమో.

హైదరాబాదు నుంచి అమ్మాయి ఫోను చేసింది. అక్కయ్య చెవికి ఆనించుకున్నా ఆ పిల్ల గొంతు గదంతా వినిపించింది. "అమ్మా, నీకు నేను కూతురినా, పిన్ని కూతురా?" అక్కయ్య, "నీకు మొగుడున్నాడు, పిల్లాడున్నాడు. దానికెవరున్నారే?" అని పెట్టేసింది. అప్పుడు నా కళ్ళు తడవాలి. తడవలేదు. "మీరు వెళ్ళండి అక్కయ్యా, నేను ఒక్కదాన్నీ ఉండగలను" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు ఒక్కదానివీ ఉంటే తలుపు గడియ కూడా వేసుకోవు. మాటలాపి ఆ పప్పుల డబ్బాలు సర్దు."

అలా వచ్చాం. నాకు నిద్ర దొరికింది. ఆవిడకు ఏం దొరికిందీ అంటే చెప్పడం కష్టం. ఉప్పుగాలికి కుట్టుమిషను తుప్పు పట్టడంతో కుట్టుపని మానేసింది. మాటాడటానికి మనిషి లేక కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయనకు కూడా కాఫీ ఇచ్చేది. సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకునేది గానీ దాన్ని ఇంటి వైపుకు తిప్పుకునేది. చేపలమ్మ గంప దించితే నేను మొప్పలెత్తి చూసి తీసుకునేదాన్ని. ఆవిడ తిని, "సముద్రపు చేపకు బురద వాసనా లేదు, రుచీ లేదు" అనేది. నేను జవాబు చెప్పేదాన్ని కాదు. ముప్పై ఏళ్ళు పులుసు మీద పోట్లాడిన మనిషిని, అన్నిటికీ "సరేనండి" అనేదాన్ని. ఆ సరేలు ఆవిడను ఎంత హడలగొట్టాయో తరువాత తెలిసింది.

ఇలా ఉండగా అమ్మాయికి రెండో కాన్పు వచ్చింది. అక్కయ్య హైదరాబాదు వెళ్ళింది. బారసాల అయింది, చలికాలం వెళ్ళిపోయింది, ఎండలు వచ్చాయి. అమ్మాయి వాళ్ళమ్మ కోసం ఒక గది సర్దాననీ, గోడకు ఆవిడకిష్టమైన రంగు వేయించాననీ ఫోన్లో చెప్పింది. ఇక రాదనుకున్నాను. అనుకుని, ఏమీ అనిపించక, ఆవిడ డబ్బాలన్నీ పై అరలోకి ఎక్కించి, నా చేతికి అందేవి కింద పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆటో దిగి, ఊరగాయ జాడీ చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఎవరికీ చెప్పలేదట. కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. "అక్కడ ఎలా ఉందండీ?" అన్నాను. "బాగుంది. లిఫ్టు బాగుంది" అంటూ, స్టూలెక్కి డబ్బాలు ఒక్కొక్కటే కిందికి దించి, పాత చోట్లలో పెట్టడం మొదలుపెట్టింది. నా చింతపండు డబ్బా పట్టుకుని, "ఇది ఇక్కడ పెట్టిందెవరు, బుద్ధి లేకుండా" అంది.

"నేనే పెట్టాను! నేను కష్టపడి సర్దుకున్న వంటిల్లు, మీరు వచ్చీ రాగానే తిరగెయ్యకండి!" అన్నాను. అనడం కాదు, అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చెవులు వేడెక్కాయి. నిజంగా కోపం వచ్చింది నాకు.

అక్కయ్య స్టూలు మీద అలాగే నిలబడిపోయింది. "అరిచావు" అంది.

"అరిస్తే ఏమంటారు?"

"ఏమీ అనను. బాగానే అరిచావు." చింతపండు డబ్బాను తను పెట్టదలచిన చోటే పెట్టింది. అటు తిరిగి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ సాయంత్రం పులుసులో బెల్లం వేసింది. నేను తినను అన్నాను. రాత్రికి తిన్నాను.

దీన్నంతటినీ కింద ఫ్లాటు అమ్మాయికి మెట్ల మీద నిలబడి ఎలా చెప్పను? ఊరు మంచిదా, కాదా అని తూచితే మాకు హైదరాబాదే నెగ్గేది. నాలో కొంత భాగం ఇప్పటికీ మొద్దుబారే ఉంది. ఏటా ఆ మంచు రోజు వస్తుంది, అట్లు పోస్తాను, స్టవ్ ఆపుతాను. అక్కయ్య ఇవాళ్టికీ సముద్రం బాగుందని ఒప్పుకోలేదు. కానీ మొన్న కూతురు ఫోన్లో "ఎక్కడున్నావమ్మా?" అంటే, "ఎక్కడుంటాను, మా ఇంట్లోనే" అంది. ఏలూరులో ఫ్యాక్టరీ వెనక ఇంటిని తప్ప మరో చోటును ఆవిడ ఆ మాటతో పిలవగా నేను వినలేదు. ఇది మా ఇల్లు ఏ రోజున అయిందో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. కాలం చేసే మేళ్ళన్నీ అంతే, చేసి చాలా రోజులయ్యాక గానీ చేసినట్టు తెలియవు.