రెండో పోగు, మూడో పోగు

మా అత్తవారింట్లో మగ్గం ముందు కూర్చునేది మగవాళ్లే. ఆడవాళ్లం కండెలు చుట్టాలి, గంజి కాయాలి, తెగిన పోగులు ముడెయ్యాలి. శ్రీకాకుళానికి దగ్గర్లోని ఆ ఊరికి పెద్దకోడలిగా వెళ్లింది మొదలు పదేళ్లు ఆ పనే చేశాను. ఒక్కసారైనా పేక నూలు మోసే నాడె విసరాలని నా చేతులు ఎంత పీకేవో ఎవరికీ చెప్పుకోలేదు.

అరవైల చివర్లో నేత సంఘంవాళ్లు మా ఇంటికి నాలుగు తొక్కుడు కర్రల మగ్గం ఇచ్చారు. మామగారి కొడుకులిద్దరూ పాత మగ్గాలు వదిలేది లేదన్నారు. ఇక మిగిలింది కోడళ్లం. కొత్త నేత నేర్పడానికి ఒక మేస్టారు వచ్చి గళ్ల కాగితం పరిచారు. నిలువు వరసలు పడుగు, అడ్డ వరసలు పేక. పడుగు పైకి తేలినచోట గడి నల్లగా నింపాలి, పేక తేలితే ఖాళీగా వదలాలి. మామూలు నేతకి గడి విడిచి గడి. ఏటవాలు నేతకి రెండు నలుపు, రెండు ఖాళీ, పై వరసకి వెళ్లినప్పుడల్లా ఒక గడి పక్కకి జరగాలి. అప్పుడు గుడ్డమీద గీతలు మెట్లెక్కినట్టు వాలుగా నడుస్తాయి.

నాకు గళ్లు తప్ప ఏమీ కనపడలేదు. నా తోటికోడలు గరివిడి వైపు పిల్ల, ఎనిమిదో తరగతి దాకా చదివింది, కాపురానికొచ్చి రెండేళ్లే. మేస్టారు చెప్పడం పూర్తికాకుండానే పెన్సిలు అందుకుని తర్వాతి వరస నింపేసింది. ఆమె జడ చూసి నేనెప్పుడూ కుళ్లుకోలేదు, గాజులు చూసీ కుళ్లుకోలేదు. పెన్సిలు పట్టిన ఆ వేళ్లని చూసి మాత్రం కుళ్లుకున్నాను.

మామగారు ఆమెతో అన్నారు: "కాయితం నీకు తెలిసింది గదమ్మా. గజం గుడ్డ తప్పులేకండా నేసి సూపించు, మగ్గం నీదే. తప్పొచ్చిందంటే మీ అప్పది." అప్పంటే అక్క, అంటే నేను.

నేయడానికి ముందు తొక్కుడు కర్రలకి కట్టిన నాలుగు చట్రాల్లో వరసగా ఒక్కోదాని కంట్లోంచి ఒక్కో పడుగు పోగు లాగాలి. వెనక కూర్చున్న మనిషి లెక్క చెబుతూ పోగు అందిస్తే, ముందున్న మనిషి కొక్కెంతో లాగుతుంది. ఆ పనిలో లెక్క తప్ప వేరే మాట మాట్లాడకూడదని మా ఇంట్లో కట్టుబాటు. తోటికోడలు వెనక కూర్చుంది, నేను ముందు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ అందిస్తోంది. పడుగు నడుమకి వచ్చేసరికి "రెండు" అన్నప్పుడు పోగుని మూడో చట్రంలోకి లాగాను, "మూడు" అన్నప్పుడు రెండో చట్రంలోకి.

నాలుగు వేళ్ల మేర నేసేసరికి గీతలు నడుమ విరిగి, నిలువునా చార తేలింది. ఆమె నాడె ఆపి చట్రాల మీదికి వంగింది. తారుమారైన పోగులు రెండూ దొరికాయి. తలెత్తి నా వంక చూసింది.

మామగారు గుడ్డ తడిమి చూశారు. "ఏటే ఇది? ఎవులు తప్పినారు?"

"నానే మావా. లెక్క తప్పు సెప్పీసినాను" అంది.

ఆయన మాట తప్పే మనిషి కాదు. మగ్గం నాదైంది.

ఆ మధ్యాహ్నం ఆ రెండు పోగులూ తెంపి, సరైన చట్రాల్లోకి ఎక్కించి ముడేసింది కూడా ఆమే. పని చేస్తూనే మెల్లిగా అంది: "అడిగితే ఇచ్చీదాన్ని గదప్పా. పోగులు తిప్పీడం ఏటికి?"

మగ్గం ముందు కూర్చున్నాను గానీ, కాగితం అర్థంకాక మొదటి వరసకే ఆగిపోయాను. ఆమె పక్కన చేరి, "ఒకటీ రెండూ తొక్కప్పా, ఇప్పుడు రెండూ మూడూ" అని చెప్పసాగింది. నిజానికి సిగ్గుతో చచ్చిపోవాలి. నాకప్పుడూ కుళ్లే పుట్టింది. అంత ఇష్టమైనదాన్ని అలా చేతులారా ఇచ్చేయడం నావల్ల ఎన్నటికీ కాదని నాకు తెలుసు.