అమ్మ పెట్టిన దస్కత్

మా చిన్నప్పుడు... పొయ్యి పక్క గోడ మీద బొగ్గుముక్కతో అమ్మకు అక్షరాలు దిద్దించేదాన్ని. నాకు పదేళ్ళు. అమ్మ పేరు బాలమణి. ఎన్నిసార్లు చెప్పినా దీర్ఘం మరిచిపోయి 'బలమణి' అని రాసేది. "నీకు బలం ఉన్నది గానీ దీర్ఘం లేదమ్మా" అని వెక్కిరిస్తే, పిండి చేత్తోనే నెత్తిన ఒక్కటిచ్చేది.

సంతకాన్ని మా దిక్కు దస్కత్ అంటారు. ఇబ్రహీంపట్నం దగ్గరి మా ఊళ్ళో అప్పట్లో దస్కత్ పెట్టే ఆడవాళ్ళు ఒకరో ఇద్దరో... మిగతా అందరివీ వేలిముద్రలే. "ఎన్నొద్దులు బిడ్డా ఏలు నల్లగ చేసుకునుడు... నా పేరు నేనే రాస్త" అని అమ్మ పట్టు.

అది వరుసగా రెండో కరువు. బోర్లన్నీ ఎండిపోయాయి. బాపు పొద్దున్నే బస్సెక్కి పోయి హైదరాబాద్‌లో కూలీల అడ్డా మీద నిలబడేవాడు. పని దొరికిన రోజులకంటే దొరకని రోజులే ఎక్కువ.

అలాంటి కాలంలో ఊళ్ళో పొయ్యి వెలిగిందంటే గుట్ట కింది గైరాన్ పుణ్యమే. గైరాన్ అంటే ఊరందరి పశువులు మేసే ఉమ్మడి భూమి. మా నాలుగు మేకలు బతికింది అక్కడే. వానలు మొహం చాటేసినా అక్కడ సీతాఫలాలు కాసేవి... ఆడవాళ్ళంతా గంపల్లో మోసుకుపోయి మన్నెగూడ చౌరస్తాలో అమ్ముకొచ్చేవాళ్ళు. కిందటేడు కరువును ఆ గంపలతోనే దాటాం.

గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు, ఆ ఏడే గైరాన్‌ను ఏదో కంపెనీకి ఇస్తారన్న మాట పుట్టింది. దాని కోసం గ్రామసభ పెట్టారు.

అంతవరకు సభ అంటే మగవాళ్ళ వ్యవహారమే. ఆ రోజు మాత్రం ఆడవాళ్ళంతా కదిలారు. నేను అమ్మ కొంగు పట్టుకొని పోయాను. పై ఆఫీసు నుంచి వచ్చిన సారు "ఎవరన్న మాట్లాడేదున్నదా?" అనగానే అందరూ నేలచూపులు చూశారు. మా అమ్మ లేచి నిలబడింది.

"సారూ, గైరాన్ ఇయ్యొద్దు. గీ కరువుల మా పిల్లలు ఇంత గంజి తాగుతున్రంటే గా భూమితోటే. గది పోతే మేం యాడికి పోవాలె?"

సారు ఎంతో మర్యాదగా తలూపాడు. "మంచిగ చెప్పినవమ్మా. అంత రాసుకుంట. మీరు సభకొచ్చినట్టు దీంట్ల దస్కత్‌లు పెట్టుండ్రి" అని పెద్ద రిజిస్టర్ ముందుకు జరిపాడు. పేజీలో పైసగం ఖాళీగా ఉంది.

అందరూ వేలిముద్రలు వేశారు. అమ్మ మాత్రం సిరాడబ్బా పక్కకు నెట్టి పెన్ను అడిగింది. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకొని, మెల్లగా... దీర్ఘం మరిచిపోకుండా... బాలమణి. ఊళ్ళో అమ్మంత గొప్ప మనిషి ఇంకెవరూ లేరనిపించింది నాకు. ఇంటిదాకా ఎగురుకుంటూ వచ్చాను.

సీతాఫలాలు పక్వానికొచ్చి కళ్ళు తెరిచే నాటికి గైరాన్ చుట్టూ రాతి కడీలు పాతి తీగ చుట్టేశారు.

ఆడవాళ్ళంతా పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తారు. అక్కడ రాతపని చూసే కారోబార్ అదే రిజిస్టర్ తీసి ముందు పెట్టాడు. చదవడం ఎవరికీ రాదు కనుక నన్ను ముందుకు తోశారు. కూడబలుక్కుంటూ చదివాను... 'సదరు భూమిని ఇచ్చుటకు గ్రామస్థులందరూ ఏకగ్రీవంగా సమ్మతించడమైనది.'

కింద వేలిముద్రల మధ్య మా అమ్మ పేరు. నేను దిద్దించిన అక్షరాలు.

"ఏకగ్రీవమంటే ఏంది బిడ్డా?" అంది అమ్మ. నాకూ తెలియదు. కారోబారే చెప్పాడు, "అందరు ఒప్పుకున్నరని."

"నేను వద్దన్న గద... నిలవడి చెప్పిన గద... గదేడ రాసిన్రు? జర మల్లొక్కసారి సూడు బిడ్డా."

మళ్ళీ చూశాను. పేజీ తిప్పి చూశాను. ఎక్కడా లేదు.

పక్కింటి యాదమ్మత్త, అమ్మతో కలిసి గంపలు మోసిన మనిషి, అందరి ముందే అనేసింది. "మాకంటే సదువు రాదు. నీకు దస్కత్ వస్తది గదనే బాలమణీ... సదవకుండ ఎట్ల పెట్టినవ్?"

ఆ రోజు చదవడానికి అక్కడ ఒక్క అక్షరం లేదని అమ్మ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆ ఖాళీ పేజీని నేనూ చూశాను... కానీ నోరు పెగల్లేదు. పేరు రాయడం నేర్పిన నేను, ఖాళీ కాగితం మీద రాయకూడదని నేర్పలేదు. పదేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందని ఇప్పుడు ఎవరన్నా ఓదారిస్తే కూడా నాకు మనసు ఒప్పదు.

తర్వాత అర్జీలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎక్కడికి పోయినా ఒకటే మాట... "మీ దస్కత్‌లే ఉన్నయి గదమ్మా." కంచె లోపల కాయలు పండి రాలిపోయాయి. మేకలు అమ్మేశాం. అమ్మ కూడా బాపు వెంట అడ్డా మీదికి పోయింది. పోయే ముందు రోజు ఎర్రమట్టితో పొయ్యి పక్క గోడ అలికేసింది. మళ్ళీ ఎన్నడూ బొగ్గుముక్క పట్టలేదు.

ఆ కంపెనీ రానే లేదు. ఇప్పుడు అక్కడ ఎత్తైన ప్రహరీ, లోపల ప్లాట్లు. అప్పుడు అక్షరం రాని ఆడవాళ్ళు సభకు పోయి నిలబడ్డారు... ఇప్పుడు ఇంటికో డిగ్రీ ఉంది, గ్రామసభ అంటే కుర్చీలు ఖాళీ. నేనూ పోను. పోయి చెప్పినా ఏం రాసుకుంటారో తెలిసినదాన్ని కదా.

మొన్న ఓట్లప్పుడు లైన్లో అమ్మ వెనకే ఉన్నాను. బూత్‌లో కూర్చున్న అమ్మాయి పెన్ను అందిస్తూ అడిగింది, "సంతకం వస్తదా అమ్మా?"

"రాదు బిడ్డా" అని అమ్మ బొటనవేలు చాపింది.

వస్తుందని నేను చెప్పలేకపోయాను...

మీ అమ్మ మొదటి సంతకం దేని మీద పెట్టిందో మీకు తెలుసా? తెలిస్తే చెప్పండి... ఒక్కటైనా మంచి కాగితం మీద పెట్టిందని వినాలని ఉంది.