కోదండరామ్ గారి బరువైన తుపాకి

కేంబ్రిడ్జ్‌లో పాత వస్తువు ఏది కొనాలన్నా ముందు కోదండరామ్ గారికి చూపించాలి. ఇది ఎవరూ రాసిన చట్టం కాదు గానీ, మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న ఆ రెండు మూడేళ్లూ చట్టంలాగే నడిచింది. కాలేజీలో పేరు నమోదు చేసుకుని, ఏదో ఒక బేస్‌మెంట్‌లో పరుపు వేసుకున్నాక, ప్రతి పిల్లాడూ చేసే తర్వాతి పని ఆయనకు ఫోన్ చేయడం. "అంకుల్, కొరొల్లా ఒకటి చూశా, తీసుకోవచ్చా?" అని అడిగితే చాలు, ఆయన ఎంత పనున్నా వెళ్లేవారు. బానెట్ జోలికి పోయేవారు కాదు. తలుపు తెరిచి, దాని బరువును అరచేత్తో తూచి చూసి, దభాలున వేసేవారు. ఆ చప్పుడు నచ్చితే కారు కొనొచ్చు.

"బరువుంటె భరోసా ఉన్నట్టే" అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన చిన్నప్పుడు జగిత్యాలలో వాళ్లమ్మ లక్ష్మమ్మ బిందె కొనడానికి వెళ్తే, రెండు చేతుల్లో రెండు ఇత్తడి బిందెలు ఎత్తి చూసి, బరువైనదాన్ని చంకన పెట్టుకుని వచ్చేది. ఆ బిందె ఇంట్లో ఎంతమంది చేతుల్లోంచి జారిపడ్డా సొట్టపోలేదు. ఆ ఒక్క బిందెను చూసి కోదండరామ్ గారు లోకంలోని సమస్త వస్తువులకూ విలువ కట్టడం నేర్చుకున్నారు. వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఖమ్మం అమ్మాయి వర్షిణికి ఆయనే చలికోటు ఏరిపెట్టారు. పాపం, ఆ పిల్ల మొదటి చలికాలమంతా బస్సులో కూర్చుంటే మళ్లీ లేవడానికి పక్కవాళ్ల సాయం అడిగింది. చలి మాత్రం వేయలేదు కదా అని ఆయన ఇప్పటికీ వాదిస్తారు.

ఇంతమందికి పెద్దదిక్కైన మనిషికి, తను పనిచేసే చోట మాత్రం దిక్కు లేదు. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం ఆయనది. అందరూ మంచివాళ్లే, పలకరిస్తారు, నవ్వుతారు. కానీ నవంబరు వచ్చిందంటే లంచ్ రూమ్‌లో పొడుగు బల్ల చుట్టూ చేరి జింకల వేట గురించి తప్ప మరో మాట మాట్లాడరు. ఎవరి జింక ఎటు పారిపోయింది, ఎవరు మంచులో బోర్లా పడ్డారు, ఎవరి బూటు నక్క ఎత్తుకుపోయింది, ఇవే కథలు. కోదండరామ్ గారు బల్ల చివర కూర్చుని పెరుగన్నం తింటూ, అందరూ నవ్వినప్పుడు నవ్వేవారు. ఏళ్ల తరబడి అలా అరువు నవ్వు నవ్వీ నవ్వీ ఆయనకు విసుగొచ్చింది. ఆ బల్ల దగ్గర తనకూ చెప్పుకోవడానికి ఒక్క కథ కావాలి. ఇంతకు మించి ఆయన ఈ దేశాన్ని ఏమీ అడగలేదు.

అందుకే షూటింగ్ క్లబ్బులో చేరారు. క్లాసులకు వెళ్లారు, పరీక్షలు రాశారు, లైసెన్సు తెచ్చుకున్నారు. తమాషా ఏమిటంటే, అద్దెకిచ్చే రైఫిల్‌తో బల్ల మీద ఆనించి కాగితం మీద గురి కాలిస్తే, ఆయన చేయి అదరలేదు. పక్కన నిలబడి చూసిన గోర్డ్ భుజం తట్టాడు. గోర్డ్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, లంచ్ బల్ల కథలకు పెద్ద గొంతు. "ఈ నవంబరులో మాతో ఉత్తరానికి రా. నీ రైఫిల్ నువ్వు తెచ్చుకో" అన్నాడు.

కోదండరామ్ గారు ఆ రోజు ఇంటికి నేల మీద నడిచి రాలేదు. వచ్చాక మాత్రం భార్య విశాలాక్షి గారితో సగమే చెప్పారు.

"క్లబ్బులో కాల్చనీకి సొంతంగ ఒక రైఫిల్ కొంటున్న."

"దేన్ని కాలుస్తారు?"

"కాగితాన్ని."

తెనాలి ఆడపడుచు కదా, ఆవిడ ఆయన మొహంలోకి ఒకసారి తేరిపార చూసింది. "కాగితమైతే సరేనండీ" అంది.

ఇలా భార్యకు కాగితమనీ గోర్డ్‌కు జింకనీ చెప్పి, రెండు పడవల మీద కాళ్లు పెట్టిన కోదండరామ్ గారు, రెంటికీ పనికొచ్చే ఒకే ఒక్క పాత రైఫిల్ కోసం బయల్దేరారు. ఊరి బయట పొలాల మధ్య ఉంది ఆ దుకాణం. నడిపే ముసలాయన సాత్వికుడు. బల్ల మీద రెండు రైఫిళ్లు పెట్టి నిదానంగా వివరించాడు. సన్న గొట్టంది తేలిక, అడవిలో రోజంతా భుజాన వేసుకు తిరగొచ్చు, కానీ వరసగా కాలిస్తే తొందరగా వేడెక్కి గురి చెదురుతుంది. లావు గొట్టంది కదలదు, ఎంత కాల్చినా పెట్టిన చోటే కొడుతుంది, కానీ మోయడం కష్టం. "నీకు దేనికి కావాలో ముందు తేల్చుకో" అన్నాడు.

కోదండరామ్ గారు తేల్చుకోలేదు. రెండు చేతుల్లో రెండూ ఎత్తి చూశారు. తేలికదాన్ని పట్టుకోగానే మొహం ముడుచుకున్నారు, నీళ్ల చారు రుచి చూసినట్టు. రెండోదాన్ని ఎత్తగానే ఎడమ భుజం కొంచెం కిందికి దిగింది, మొహం వెలిగింది. లక్ష్మమ్మ బిందె గుర్తొచ్చింది. తా వలచింది రంభ అని ఊరికే అనలేదు. ఆ గొట్టం నున్నగా నల్లగా నిగనిగలాడుతుంటే, అదేదో తన కోసమే ఇన్నాళ్లూ అక్కడ కాచుక్కూర్చున్నట్టు ఆయనకు అనిపించింది.

అయినా కార్ల దగ్గర అడిగే ప్రశ్నలు మానలేదు. "ఎవరు వాడారు? ఎందుకు అమ్మేస్తున్నారు?"

"ఒక పళ్ల డాక్టర్. పెద్దగా కాల్చనేలేదు. గొట్టం లోపల చూడు, అద్దంలా ఉంటుంది."

"కాల్చకుండా ఎందుకు అమ్ముతున్నాడు?"

"మొదటి వేటకు మోసుకెళ్లాడు. నడుం పట్టేసింది. ఆపరేషన్ కూడా అయింది."

ఇంకెవరైనా అయితే అక్కడే తుపాకి కింద పెట్టి దండం పెట్టేవాళ్లు. కోదండరామ్ గారికి ఆ మాటల్లో వినబడింది ఒకటే. తక్కువ వాడిన సరుకు. ముసలాయన మరోసారి "దీన్ని అడవిలో మోస్తావా?" అని అడిగితే, "మేం బరువులకు అలవాటు పడ్డవాళ్లం" అని గర్వంగా చెప్పి, బేరమాడి, సంచీ ఉచితంగా వేయించుకుని మరీ కొన్నారు.

క్లబ్బులో ఆ రైఫిల్ ఆయన పరువు నిలబెట్టింది. కాగితం మీద తూటాలన్నీ ఒకదాని పక్కన ఒకటి, గడిలో సర్దిన పచ్చీసు కాయల్లా కుదురుగా పడ్డాయి. గోర్డ్ ఈల వేశాడు. దసరాకు విశాలాక్షి గారు కారుకూ, కుట్టుమిషనుకూ, దీనికీ కలిపి ఆయుధపూజ చేసి, గొట్టానికి బొట్టు పెట్టింది. ఆయన వెంటనే బొట్టు తుడిచి నూనె రాస్తే, లెంపలు వేసుకోమంది.

నవంబరు దగ్గరపడింది. వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు చొక్కా పార్సిల్‌లో వచ్చింది. విశాలాక్షి గారు దాన్ని విప్పి, ఆయన ముందు పట్టుకుని నిలబడింది.

"కాగితం మిమ్మల్ని చూసి పారిపోకుండా వేసుకుంటారా ఇది?"

ఇక దాచి లాభం లేక ఆయన మొత్తం చెప్పేశారు. లంచ్ బల్ల గురించి మాత్రం చెప్పలేదు. అది చెప్పడానికి సిగ్గేసింది.

"ఆదివారమొస్తె కోడికూర తింటం గద. ఇదెట్ల తప్పయితది?" అన్నారు.

"తింటాం. కానీ కోడి మనకేసి చూడదండీ. ప్యాకెట్లో ఉంటుంది."

ఆయన మాట మార్చి వేట క్లాసులో చెప్పిన సంగతులు ఎత్తుకున్నారు. అన్నం తినడానికి పైకి వచ్చిన వర్షిణి ఆసక్తిగా అడుగుతుంటే ఆయనకు మరింత హుషారొచ్చింది. "జింకకు కండ్ల కన్న ముక్కు ఎక్కువ పనిజేస్తది, బిడ్డా. సబ్బు వాసన తగిలినా సరే, ఆడ ఆగదు" అన్నారు. విశాలాక్షి గారు పప్పు వడ్డిస్తూ ఆ మాట శ్రద్ధగా వింది. ఆవిడ అంత శ్రద్ధగా ఆయన మాట విన్న సందర్భాలు తక్కువ. ఆయన అప్పుడే అనుమానించాల్సింది.

"వెళ్లండి. నేనొద్దంటే ఆగుతారా" అంది చివరికి. "కానీ వేట మొదలయ్యేది సోమవారం కదా. కార్తీక సోమవారం. ఉపవాసం మాత్రం తప్పకూడదు."

ఆయన నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. తుపాకి చూసుకున్నారు, బూట్లు చూసుకున్నారు, పంచాంగం చూసుకోలేదు. మింగలేక కక్కలేక తల ఊపారు.

బయల్దేరే ముందు విశాలాక్షి గారు తుపాకి సంచీ తెరిచి, సాంబ్రాణి పొగ బాగా పట్టించింది. చొక్కాకూ పట్టించింది. టోపీని కూడా వదల్లేదు. "దూరప్రయాణం, దిష్టి తగలకుండా" అంది. కారులో గోర్డ్ ముక్కు ఎగబీల్చి, ఏదైనా కాలుతోందా అని రెండుసార్లు బండి ఆపాడు.

సోమవారం తెల్లారాక కర్రల గుడిసె నుంచి అడవిలోకి నడక మొదలైంది. మొదటి గుట్ట ఎక్కేసరికి కోదండరామ్ గారికి పళ్ల డాక్టర్ గుర్తొచ్చాడు. రెండో గుట్టకు ఆ డాక్టర్ మీద ఎక్కడలేని ఆప్యాయత పుట్టింది. తుపాకిని కుడి భుజం నుంచి ఎడమకీ, ఎడమ నుంచి కుడికీ మార్చారు. చివరికి పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని నడిచారు. కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. గోర్డ్ శాండ్‌విచ్ ఇవ్వబోతే, మా దేవుడికి సోమవారాలు కోపమని చెప్పారు. ఇంకెలా చెప్పాలో ఆయనకు తోచలేదు. గోర్డ్ ఆయన్ను చెట్టుకు కట్టిన మంచె దగ్గర వదిలి, తను అవతలి లోయలోకి వెళ్లాడు.

మంచె ఎక్కి, తుపాకిని అడ్డకర్ర మీద ఆనించి, ఒంటరిగా కూర్చున్నారు. ఎంతసేపటికో ఆకుల చప్పుడైంది. జింక వచ్చింది. కొమ్ములున్న మగ జింక. తీరిగ్గా నడిచి వచ్చి, క్లబ్బులో కాగితం ఉండేంత దూరంలోనే అడ్డంగా నిలబడింది. గాలి దాని వైపు నుంచే వీస్తోంది. సాంబ్రాణి సంగతి దానికి తెలియనే తెలియదు. కోదండరామ్ గారు కన్ను ఆనించారు. లావు గొట్టం రాతిలా నిలిచింది. గురి రేఖ జింక భుజం వెనక పడి, ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన జీవితంలో అంత మంచి గురి మళ్లీ కుదరదు.

జింక తల తిప్పి ఆయనకేసి చూసింది.

చెవి ఒకటి ఆడించింది. మూతికి అంటిన ఎండు గడ్డిపోచను నాలుకతో లోపలికి లాక్కుంది. కోదండరామ్ గారు ఊపిరి బిగబట్టి, ఇవాళ సోమవారం కదా అనుకున్నారు. మంగళవారమైనా తన వేలు కదలదని ఆ క్షణంలోనే ఆయనకు తెలిసిపోయింది. ఇన్నాళ్లూ తనకు కావలసింది జింక కాదు, ఆ బల్ల దగ్గర చెప్పుకునే ఒక మాట. దానికోసం దీన్ని పడగొట్టడానికి ఆయన మనసు ఒప్పలేదు. వేలు తీసేశారు. ఒంట్లో బరువంతా దిగిపోయినట్టు ఎంతో హాయిగా అనిపించింది. జింక నమిలి, తోక ఆడించి, వచ్చిన దారినే పోయింది.

గోర్డ్ తిరిగొచ్చి జింక అడుగుజాడలు చూశాడు. "ఇక్కడే నిలబడింది. ఎందుకు కాల్చలేదు?"

మనిషికి అవసరమొస్తే అబద్ధం నాలుక చివరే ఉంటుంది. "కాల్చబోయాను. వాసన పట్టి పారిపోయింది. మా ఆవిడ తుపాకికి ధూపం వేసింది" అన్నారు.

గోర్డ్ సంచీ తీసి వాసన చూశాడు. తర్వాత అడవి అదిరిపోయేలా నవ్వాడు. ఆ సాయంత్రం గుడిసెలో అందరూ ఆ సంచీని చేతులు మార్చి వాసన చూశారు. చుక్కలు కనబడ్డాక కోదండరామ్ గారు విశాలాక్షి గారు కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తీశారు. అది గుడిసె మొత్తం తిరిగి, ఖాళీగా తిరిగొచ్చింది.

ఇల్లు చేరగానే విశాలాక్షి గారు గుమ్మంలోనే ఆరా తీసింది. "దొరికిందా?"

"లేదు. వాసన పట్టి ఉరికింది."

ఆవిడ మొహం మతాబులా వెలిగింది. ఆయన అటు తిరగ్గానే వర్షిణి చేయి పట్టుకుని, "చెప్పానా, సాంబ్రాణి ఊరికే పోదు" అంది. ఆయనకు వినబడింది. జగిత్యాల మనిషి తెనాలి మనిషి ఎత్తు కనిపెట్టాడు, అంతే. గెలిచాననుకుని అంత సంబరంగా ఉన్న భార్యతో అసలు సంగతి చెప్పబుద్ధి కాలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

తుపాకి క్లబ్బు దాటి మళ్లీ ఎటూ పోలేదు. పాత వస్తువులకు పిల్లలు ఇంకా ఫోన్ చేస్తున్నారు. తలుపు దభాలున వేశాక, "మోసుడు నీకు చేతనైతదా, అది గూడ చూస్కో బిడ్డా" అని ఆయన ఇప్పుడు ఒక మాట కలుపుతున్నారు.

మరుసటి నవంబరులో లంచ్ రూమ్‌కి ఆలస్యంగా వెళ్లారు. బల్ల మధ్యలో, గోర్డ్ పక్కన, ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరో కొత్తవాడు కూర్చోబోతుంటే, "అది కోదండ్‌ది" అని ఇద్దరు ఒకేసారి చెప్పారు. గోర్డ్ అప్పటికే కథ ఎత్తుకున్నాడు. ఆ కథలో తుపాకి ఫిరంగంత అయింది, జింక తుమ్మింది. కోదండరామ్ గారు కూర్చుని, పెరుగన్నం డబ్బా మూత తీసి, అందరికంటే ముందు నవ్వారు.