టైలరమ్మ చేతి పట్టీ, తమ్ముడిగారి కెర్నల్

మా వరుస కొట్లలో అతన్ని అందరూ లెక్చర్ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, దానితో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. కంప్యూటర్ మాట ఎత్తితే చాలు, ఎదుటివాడి టీ చల్లారే దాకా వదలడు. అతని చేతిలో స్క్రూడ్రైవర్ చూసినవాళ్లు మాత్రం ఇంతవరకు ఎవరూ లేరు.

ఎవరి లాప్‌టాప్ కాస్త నెమ్మదించినా విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కిస్తాడు. ఎక్కించే రోజు పెళ్లికొడుకులా వస్తాడు. మర్నాడు సౌండ్ రాలేదని ఫోన్ చేస్తే ఎత్తడు. పొరపాటున ఎత్తితే, "మీరూ కొంచెం నేర్చుకోవాలండీ" అంటాడు. నేర్పమంటే మళ్లీ ఫోన్ ఎత్తడు.

బయటివాళ్ల సంగతి సరే, తోడబుట్టిన అక్కనూ వదల్లేదు. ఆవిడ టైలరమ్మ. ముందు గదిలో కుట్టు మిషన్, వెనక గదిలో మొగుడి ఇస్త్రీ బల్ల. నాటకాల వాళ్లకు దుస్తులు కుడుతుంది. బొమ్మలు గీసుకునే ప్రోగ్రాం ఎవరూ చెప్పకుండానే తడుముకుంటూ నేర్చుకుని, పేపర్ కటింగులన్నీ లాప్‌టాప్‌లో గీసి, ప్రింట్లు తీసి, అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరిస్తుంది. దానికి తమ్ముడు లైనక్స్ ఎక్కించినప్పటి నుంచి రెండు రోగాలు పట్టుకున్నాయి. పని మధ్యలో ఉన్నట్టుండి నిద్రపోతుంది. బటన్ నొక్కి లేపితే టచ్‌ప్యాడ్ చచ్చిపోయి ఉంటుంది. మొత్తం ఆపి మళ్లీ మొదలుపెడితే తప్ప బాణం గుర్తు కదలదు.

ఆ గురువారం మధ్యాహ్నం ఆవిడకు ఒళ్లు మండిపోయింది. శనివారం నాటకం. రాజుగారి కోటూ, సైనికుల కోట్లూ ఇంకా కత్తిరించనేలేదు. కటింగులేమో లాప్‌టాప్‌లో ఉన్నాయి. అదేమో గీత సరిచేద్దామని కూర్చున్న ప్రతిసారీ కళ్లు మూసుకుంటోంది. తమ్ముడికి కబురు పెట్టింది.

లెక్చర్ వచ్చాడు. కూర్చున్నాడు. టీ తాగాడు. లాప్‌టాప్ వైపు చూడకుండానే తేల్చేశాడు.

"ఇది కెర్నల్ సమస్య అక్కా, లైనక్స్ గుండెకాయలోనే ఉంది. పవర్ మేనేజ్‌మెంట్ అని ఒక పెద్ద సబ్జెక్టు ఉంది..."

"ఉంటే ఉండనీరా. ఇది ఎందుకు పడుకుంటోందో చెప్పు."

లోపల ఇస్త్రీ చేస్తున్న బావ అందుకున్నాడు. "నీ తమ్ముడు మాట్లాడితే మనుషులమే పడుకుంటాం, పాపం అదెంత?"

లెక్చర్ దులిపేసుకున్నాడు. కొత్త వెర్షన్ ఎక్కిస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. అక్క సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి, తన లాప్‌టాప్‌కు పెట్టి, దాన్ని చెరిపి కొత్త లైనక్స్ నింపాడు. నింపుతూ లైనక్స్ చరిత్ర చెప్పాడు. అంతా అయ్యాక తీసుకొచ్చి అక్క లాప్‌టాప్‌కు గుచ్చాడు. అప్పుడు చూసింది టైలరమ్మ.

"ఒరేయ్, అది ఎక్కడిది?"

"సొరుగులోది. ఖాళీదే కదా?"

"దాంట్లో నా కటింగులు దాచుకున్నాను కదరా!"

లోపల బావ ఇస్త్రీ పెట్టె ఆగింది.

"పోనీలే అక్కా, లాప్‌టాప్‌లో ఉన్నాయిగా. వాటికేం కాదు. నాది పూచీ."

పోయినసారి కూడా పూచీ అతనిదే. అప్పుడు కాలేజీ పిల్లల నాటకం కటింగులు పోతే, టైలరమ్మ అన్నీ మళ్లీ గీసుకుంది. పూచీ తీసుకున్నవాడు అటు వైపు రాలేదు.

"చెయ్యి తియ్యి" అంది ఆవిడ.

"అసలు సమస్య ఉందంటావా?" లెక్చర్ టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి బాణాన్ని గిరగిరా తిప్పాడు. టకటకా ఏదో టైపు చేశాడు. లాప్‌టాప్ మెలకువగానే ఉంది. "చూశావా, నా దగ్గర ఎంత బుద్ధిగా ఉందో! నీ చెయ్యి పడితేనే నిద్రపోతోంది. జోల పాడే చెయ్యి నీది." తన జోకుకు తనే పడీ పడీ నవ్వాడు.

ఆవిడకు తన మిషన్ గుర్తొచ్చింది. కుట్టు మిషన్ ఒక్కరి దగ్గరే దారం తెంపుతుంటే మిషన్ విప్పరు, ముందు ఆ మనిషి కూర్చున్న తీరు చూస్తారు. ఆవిడ తన ఎడమ చేతి వైపు చూసుకుంది. మణికట్టుకు ఈమధ్యే కొన్న గుండుసూదుల పట్టీ ఉంది. సూదులు జారకుండా దాని మధ్యలో అయస్కాంతం బిళ్ల.

పట్టీ విప్పి ఇస్త్రీ బల్ల మీద పెట్టొచ్చింది. గీత గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. లాప్‌టాప్ పడుకోలేదు. పట్టీ తెచ్చి కీబోర్డుకు ఎడమ పక్కన ఆనించింది. టప్పున తెర ఆరిపోయింది. ఒక సూది తీసి మూత అంచు వెంట జరుపుకుంటూ పోయింది. ఒకచోట సూది అతుక్కుంది.

"మూతలోనూ అయస్కాంతం ఉందయ్యా" అంది మొగుడితో. "అది దగ్గరికొస్తే మూత మూశారని పడుకుంటుంది కాబోలు. నా పట్టీని చూసి మూతే అనుకుంటోంది."

"హాల్ సెన్సర్!" అన్నాడు లెక్చర్. "నాకు తెలుసక్కా. చెప్దామనే అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే కదా!"

బావ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి, లాప్‌టాప్‌లోంచి పెన్‌డ్రైవ్ పీకి బావమరిది జేబులో వేశాడు. "నీ చరిత్ర నువ్వు పట్టుకుపో నాయనా."

టచ్‌ప్యాడ్ సంగతి మిగిలింది. టైలరమ్మ లాప్‌టాప్ తిరగేసి, అడుగున అంటించి ఉన్న మోడల్ నంబరు చూసి ఫోన్‌లో వెతికింది. అదే మోడల్ వాడే ఎవరో, నిద్ర లేచాక టచ్‌ప్యాడ్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాంను ఒకసారి దింపి మళ్లీ ఎక్కించాలని రెండు లైన్లు రాసిపెట్టారు. అక్షరం అక్షరం చూసి కొట్టింది. బాణం కదిలింది. లేచిన ప్రతిసారీ ఆ లైన్లు వాటంతటవే నడిచేలా ఎక్కడ పెట్టాలో కూడా అక్కడే ఉంది. అలాగే పెట్టింది. ఆ సేపంతా లెక్చర్, ఆ పద్ధతి ఎందుకు పాతబడిపోయిందో చెబుతూనే ఉన్నాడు.

"పాతదో కొత్తదో, పనిచేస్తోంది" అంది అక్క. "నోటితో పాటు చేతులు కూడా ఉన్నాయిగా, ఈ ప్రింట్లు అతికించు."

అతికించాడు. రాజుగారి ఎడమ చేతికి సైనికుడి చెయ్యి అతికించాడు. బావ చూసి, ఊడదీసి, సరిగ్గా అతికించాడు. సాయంత్రానికి కోట్లన్నీ గుడ్డ మీద కత్తెరకు వచ్చాయి. శనివారం రాజుగారు వేదిక మీద కోటు బొత్తాలు పెట్టుకుని నిలబడ్డారు.

ఇప్పుడు టైలరమ్మ లాప్‌టాప్ ముట్టుకునే ముందు పట్టీ విప్పి మేకుకు తగిలిస్తుంది. కొత్త పెన్‌డ్రైవ్ కొని దానికో చిన్న సంచి కుట్టింది. మామూలుగా సొరుగులోనే ఉంటుంది. తమ్ముడు వస్తున్నాడని తెలిస్తే మాత్రం బావ చొక్కా జేబులోకి వెళ్లిపోతుంది.